ఏఐ కోడింగ్ ఏజెంట్ల సూచనల ఫైలు బాగుందో లేదో తేల్చడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఏజెంట్స్.ఎండీ, క్లాడ్.ఎండీ, జెమినీ.ఎండీ, కర్సర్ రూల్స్, కోపైలట్ సూచనలు: ఇవన్నీ ఏఐ కోడింగ్ ఏజెంట్లకు, అంటే కోడ్ చదివి, రాసి, కమాండ్లు నడిపే టూల్స్‌కు, ఇచ్చే సూచనల ఫైళ్లు. పేరు ఏదైనా పని ఒక్కటే, రిపోలో (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) అడుగుపెట్టిన ఏజెంట్‌కు ఇక్కడి పద్ధతులు చెప్పడం. ఫైలు రాయడం పెద్ద పనేం కాదు. రాసింది పనికొస్తోందా అని తేల్చుకోవడం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు.

చదివినప్పుడు బాగుందనిపించడాన్ని కొలతగా తీసుకోలేం. ఫైలు ఉన్నప్పుడు, లేనప్పుడు ఏజెంట్ చేసే పనిలో తేడా కనబడాలి. ఆ తేడా ఏ వాక్యం వల్ల వచ్చిందో వేలుపెట్టి చూపించగలగాలి.

కింది దశల వరుస మార్చకండి. పని చేయని కమాండ్లున్న ఫైలుతో ఏజెంట్‌ను నడిపి కొలిస్తే ఆ లెక్కలన్నీ వృథా.

## 1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

- రిపో తాజా క్లోన్ (కొత్తగా దించుకున్న నకలు). రోజూ పనిచేసే ఫోల్డర్‌లో వద్దు. అక్కడ ముందే ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీలు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉంటాయి. ఫైలులోని లోపాలను అవి కప్పిపుచ్చుతాయి.
- ఒక స్థిరమైన కమిట్ (కోడ్ ఒక దశలో ఎలా ఉందో భద్రపరిచిన రూపం). పరీక్షలన్నీ దాని మీదే జరగాలి.
- టూల్ వెర్షన్, మోడల్ పేరు రాసిపెట్టుకున్న కాగితం. మధ్యలో మోడల్ మారితే పోలిక చెడిపోతుంది.
- ఏజెంట్ రాసిన పుల్ రిక్వెస్టుల (కోడ్ మార్పుల ప్రతిపాదనలు) మీద మనుషులు పెట్టిన రివ్యూ వ్యాఖ్యలు, 20 నుంచి 30 వరకు.
- మీ సొంత గ్లోబల్ సూచనల ఫైలు పక్కకు తీసేసిన మెషీన్ లేదా కంటెయినర్.

వీటిలో నాలుగోదే అసలు పెట్టుబడి. "ఇక్కడ పాత లాగర్ వాడవద్దు" అని రివ్యూలో నాలుగుసార్లు రాశారంటే అది ఫైలులో ఉండవలసిన వాక్యం. ఫైలులో ఇప్పటికే ఉన్నా రివ్యూలో మళ్ళీ రాయవలసి వస్తోందంటే ఆ వాక్యం పనిచేయడం లేదు. ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే సగం సంగతి అప్పుడే తెలిసిపోతుంది.

ఐదోది చాలామంది మరచిపోయేది. హోమ్ డైరెక్టరీలో ఉన్న మీ వ్యక్తిగత సూచనలు కూడా సెషన్‌లోకి చేరతాయి. ప్రాజెక్ట్ ఫైలు వల్ల వచ్చిందనుకున్న మంచి ఫలితం నిజానికి మీ సొంత ఫైలు పుణ్యం కావచ్చు.

## 2. ఏ ఫైలు నిజంగా లోడ్ అవుతోందో తేల్చండి

"ఏజెంట్ మన మాట వినడం లేదు" అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం చాలా చిన్నది. ఆ ఫైలును టూల్ అసలు చదవనే లేదు.

ఒక్కో టూల్‌ది ఒక్కో దారి:

- క్లాడ్ కోడ్ వెతికేది క్లాడ్.ఎండీ కోసం. రిపోలో ఏజెంట్స్.ఎండీ మాత్రమే ఉంటే, క్లాడ్.ఎండీ పెట్టి అందులోంచి దాన్ని ఇంపోర్ట్ చేయండి, లేదా సిమ్‌లింక్ (ఆ ఫైలును చూపించే దారి) పెట్టండి.
- కోడెక్స్ రిపో రూట్ నుంచి ప్రస్తుత ఫోల్డర్ వరకు దొరికిన ఏజెంట్స్.ఎండీ ఫైళ్లను వరుసగా కలుపుతుంది. మొత్తం డిఫాల్ట్ పరిమితి 32 కిలోబైట్లు. అది దాటిన భాగం చేరదు.
- కర్సర్‌లో రూల్స్ ఫోల్డర్‌లోని ఎండీసీ ఫైలు పైభాగంలో డిస్క్రిప్షన్, గ్లోబ్స్, ఆల్వేస్ అప్లై అనే మూడు అంశాలుంటాయి. మూడూ ఖాళీగా ఉంటే ఆ రూల్ మీరు పేరుపెట్టి పిలిచినప్పుడే వస్తుంది.
- కోపైలట్‌లో గిట్‌హబ్ ఫోల్డర్‌లోని ప్రధాన సూచనల ఫైలు రిపో మొత్తానికి వర్తిస్తుంది. ఇన్‌స్ట్రక్షన్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లు "అప్లై టు"లో రాసిన పాత్‌లకే వర్తిస్తాయి.

సూచనలు తెలుగులో రాసేవారు బైట్ల పరిమితిని మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. యూటీఎఫ్-8లో తెలుగు లిపి సంకేతం ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. గుణింతాలు, వత్తులు విడిగా లెక్కకు వస్తాయి. 32 కిలోబైట్లు అనుకున్నదానికంటే చాలా ముందే నిండుతాయి.

లోడ్ అయిందో లేదో చూడటానికి తేలికైన పద్ధతి ఆనవాలు వాక్యం. "మొదటి జవాబును నీలిగడప అనే మాటతో మొదలుపెట్టు" అని ఫైలు చివర తాత్కాలికంగా చేర్చి కొత్త సెషన్ తెరవండి. ఆ మాట వస్తే చివరిదాకా చేరినట్టే. సబ్‌ఫోల్డర్ ఫైళ్లకు వేరువేరు మాటలు పెట్టి, ఆ ఫోల్డర్‌లోని ఫైలు ఒకటి తెరిచే పని ఇచ్చి చూడండి. చూశాక తీసేయండి. క్లాడ్ కోడ్, జెమినీ సీఎల్ఐలలో మెమరీ కమాండ్ కూడా లోడ్ అయినవి చూపిస్తుంది.

ఒక అపోహ గురించి ఇక్కడే చెప్పాలి. పెద్ద క్లాడ్.ఎండీని ఐదు ముక్కలు చేసి ఇంపోర్ట్ చేస్తే కాంటెక్స్ట్ (మోడల్ ఒకేసారి చూడగలిగే పరిధి) ఆదా అవుతుందనుకుంటారు, కాదు. ఇంపోర్ట్ చేసినవన్నీ సెషన్ మొదట్లోనే వచ్చి కూర్చుంటాయి. భారం తగ్గాలంటే ఆ ముక్కలను సంబంధిత సబ్‌ఫోల్డర్లలో పెట్టాలి, లేదా "డేటాబేస్ మైగ్రేషన్ పని ఉంటే ఫలానా ఫైలు చదువు" అని దారి మాత్రం చూపించాలి.

## 3. రాసింది నిజమో కాదో చూడండి

తాజా క్లోన్‌లో, ఫైలులో ఉన్న వరుసలోనే, ప్రతి కమాండ్‌నూ నడపండి. మధ్యలో మీకు తెలిసిన చిట్కా ఏదీ వాడవద్దు. ఎక్కడ ఆగితే అక్కడ లోపం.

చూడవలసినవి:

- [ ] ఇన్‌స్టాల్, బిల్డ్, లింట్ (కోడ్ శైలి, పొరపాట్ల తనిఖీ), టెస్ట్ కమాండ్లు ఎర్రర్ లేకుండా ముగుస్తున్నాయా
- [ ] ఒక్క టెస్ట్ ఫైలును మాత్రమే నడిపే కమాండ్ ఉందా
- [ ] టెస్టులకు ముందు డేటాబేస్, క్యూ లాంటివి లేపాలంటే ఆ మాట రాశారా
- [ ] పేర్కొన్న ప్రతి ఫైలు, ఫోల్డర్, ఫంక్షన్ ఇప్పటికీ ఉన్నాయా
- [ ] లైబ్రరీ వెర్షన్లు లాక్ ఫైలులోని వాటితో సరిపోతున్నాయా
- [ ] ఏదైనా కమాండ్ ముగియకుండా ఇన్‌పుట్ కోసం వేచి ఉంటోందా

చివరిది మనుషులకు పెద్ద ఇబ్బంది కాదు, ఏజెంట్‌కు గోతిలాంటిది. టెస్ట్ రన్నర్ వాచ్ మోడ్‌లో తెరుచుకుంటే అది దానంతట ముగియదు, ఏజెంట్ టైమ్‌అవుట్ వరకు కూర్చుంటుంది. ఒక్కసారి నడిచి ఆగిపోయే రూపంలోనే కమాండ్ రాయాలి.

రెండో అంశమూ అంతే ముఖ్యం. మొత్తం టెస్ట్ సూట్‌కు 12 నిమిషాలు పడితే, ఒక్క ఫైలును నడిపే దారి తెలియని ఏజెంట్ ప్రతి చిన్న మార్పుకూ 12 నిమిషాలు తింటుంది. లేదా విసిగినట్టు టెస్టులు వదిలేసి "పూర్తయింది" అంటుంది.

తప్పు సమాచారం కంటే సమాచారం లేకపోవడమే మేలు. ఏమీ రాయకపోతే ఏజెంట్ ప్యాకేజ్ ఫైలు తెరిచి చూసుకుంటుంది. తప్పు రాస్తే దాన్నే నమ్మి, ఎర్రర్ వచ్చాక మీ కోడ్‌ను "సరిచేయడం" మొదలుపెడుతుంది.

## 4. ప్రతి వాక్యాన్నీ వడకట్టండి

ఫైలును ప్రింట్ తీసుకోండి, లేదా స్ప్రెడ్‌షీట్‌లో వరుసకో వాక్యం పెట్టండి. ఒక్కో వాక్యానికి ఈ నాలుగింటిలో ఒక గుర్తు వేయండి.

ఉంచు: కోడ్ చూసి ఏజెంట్ కనుక్కోలేని విషయం. "బిల్లింగ్ ఫోల్డర్‌లో మొత్తాలన్నీ పైసల్లో పూర్ణ సంఖ్యలుగా ఉంటాయి, దశాంశాలు వాడవద్దు" లాంటివి. "జనరేటెడ్ ఫోల్డర్‌లోని ఫైళ్లను చేత్తో మార్చవద్దు, స్కీమా మార్చి కోడ్‌జెన్ కమాండ్ నడుపు" కూడా అలాంటిదే.

తీసేయి: రెండు నిమిషాల్లో కోడ్ చూసి తెలుసుకోగలిగేది, లేదా ఏ మోడల్ అయినా ఎలాగూ చేసేది. "ఇది రియాక్ట్ ప్రాజెక్ట్", "శుభ్రమైన కోడ్ రాయండి", "మీరు అనుభవజ్ఞులైన ఇంజినీర్". ఫోల్డర్ల చెట్టు మొత్తం ముద్రించడం కూడా ఈ కోవలోదే. నెల తిరిగేసరికి అది పాతబడుతుంది.

టూల్‌కు అప్పగించు: యంత్రం తేల్చగలిగే నియమం. ఇండెంటేషన్, ఇంపోర్టుల వరుస, కొటేషన్ గుర్తులు, వాడకూడని ఫంక్షన్లు. వీటికి ఫార్మాటర్, లింటర్, హుక్ ఉన్నాయి. సూచనల ఫైలులో రాస్తే ఏజెంట్ ఎక్కువసార్లు పాటిస్తుంది, లింటర్‌లో పెడితే ప్రతిసారీ పట్టుబడుతుంది. ఫైలులో "ముగించే ముందు లింట్ కమాండ్ నడుపు" అనే ఒక్క వాక్యం చాలు.

తిరగరాయి: ఉద్దేశం మంచిదే, కానీ పాటించారో లేదో చెప్పలేని వాక్యం.

తిరగరాయవలసినవే అందరినీ తికమక పెడతాయి. పరీక్ష ఇది: ఇద్దరు వేరువేరు మనుషులకు ఒకే డిఫ్ (మారిన వరుసల జాబితా) ఇచ్చి "ఈ నియమం పాటించారా?" అని అడిగితే ఇద్దరూ ఒకే జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే వాక్యం అస్పష్టం.

> ముందు: "ఎర్రర్లను సరిగా హ్యాండిల్ చేయండి."
>
> తర్వాత: "ఏపీఐ హ్యాండ్లర్లలో ఎర్రర్‌ను నేరుగా త్రో చేయవద్దు. కామన్ ఫోల్డర్‌లోని యాప్‌ఎర్రర్ క్లాస్‌లో చుట్టి పంపాలి. నమూనా కోసం ఆర్డర్స్ హ్యాండ్లర్ చూడండి."

> ముందు: "పాత హెచ్‌టీటీపీ క్లయింట్ వాడవద్దు."
>
> తర్వాత: "బయటి సర్వీసులను పిలవడానికి నెట్ ఫోల్డర్‌లోని క్లయింట్ మాత్రమే వాడాలి. పాతదానిలో రీట్రై లేదు, అందుకే పేమెంట్ కాల్స్ మధ్యలో పోతున్నాయి."

రెండో ఉదాహరణలో రెండు మార్పులు గమనించండి. వద్దన్నదానికి బదులు ఏది వాడాలో ఉంది. ఎందుకో కూడా ఉంది. కారణం తెలిస్తే నియమంలో రాయని సందర్భంలోనూ మోడల్ సరైన వైపు మొగ్గే అవకాశం ఎక్కువ. అలాగని ప్రతి నియమానికీ పేరా రాయనక్కర్లేదు, అర వాక్యం చాలు.

తర్వాత పరస్పర విరుద్ధాలు వెతకండి. "ప్రతి మార్పుకూ టెస్ట్ రాయి" అని పైన, "అడిగినదానికి మించి ఫైళ్లు చేర్చవద్దు" అని కింద ఉంటే ఏజెంట్ ఏదో ఒకటి ఎంచుకుంటుంది, ఏది ఎంచుకుంటుందో మీ చేతుల్లో ఉండదు. రూట్ ఫైలుకూ సబ్‌ఫోల్డర్ ఫైలుకూ మధ్య, ఏజెంట్స్.ఎండీకీ కర్సర్ రూల్స్‌కూ మధ్య ఇవి ఎక్కువగా దాక్కుంటాయి.

"ముఖ్యం", "తప్పనిసరి", "ఎట్టి పరిస్థితుల్లోనూ" ఎన్నిసార్లు ఉన్నాయో లెక్కపెట్టండి. నియమాలన్నీ తప్పనిసరే అయితే ఏదీ తప్పనిసరి కానట్టే. రెండు మూడింటికి మించి ఉంటే, డేటా పోయే ప్రమాదం ఉన్నవాటికి మాత్రం ఆ మాట ఉంచి మిగతావి మామూలు వాక్యాలుగా మార్చండి.

పొడవు సంగతి: క్లాడ్ కోడ్ డాక్యుమెంటేషన్ ఒక్కో ఫైలుకు 200 వరుసల లోపు ఉంచమంటుంది, కర్సర్ ఒక్కో రూల్‌కు 500 వరుసల లోపు అంటుంది. ఇవి పైహద్దులు. అంతదాకా నింపాలని లేదు. ఈ వడపోత తర్వాత 60 వరుసలే మిగిలితే కంగారు పడకండి.

## 5. ఏజెంట్‌ను నడిపి చూడండి

అసలు పరీక్ష ఇదే. ఇక్కడ తొందరపడితే ఇప్పటిదాకా చేసిన పనికి అర్థం ఉండదు.

పనులు ఎంచుకోవడం. ఆరు పనులు చాలు. పూర్తయిన పాత టికెట్ల నుంచి తీసుకోండి, సరైన జవాబు ఎలా ఉంటుందో ముందే తెలుసు కాబట్టి. రెండు మామూలు బగ్ సవరణలు, రెండు కొత్త ఫీచర్లు, ఒకటి ఫైలులోని ముఖ్య నియమాన్ని నేరుగా తాకేది, ఒకటి నియమాన్ని ఉల్లంఘించేలా ఊరించేది. "ఈ టెస్ట్ ఫెయిల్ అవుతోంది, పాస్ అయ్యేలా చెయ్యి" అనేది చివరి రకం. టెస్టులు మార్చవద్దన్న నియమం నిలుస్తుందో లేదో అక్కడే తెలుస్తుంది.

పని వివరణలో నియమాన్ని మళ్ళీ గుర్తు చేయకండి. గుర్తు చేస్తే పరీక్షిస్తున్నది ఫైలును కాదు, మీ ప్రాంప్ట్‌ను.

నడపడం. ప్రతి పనినీ ఫైలుతో ఐదుసార్లు, ఫైలు లేకుండా ఐదుసార్లు నడపండి. మొత్తం 60. ప్రతిసారీ కొత్త సెషన్, అదే కమిట్ నుంచి వేరే గిట్ వర్క్‌ట్రీ (అదే రిపోకు విడి పని ఫోల్డర్). అంత ఖర్చు కుదరకపోతే పనులు తగ్గించండి, పునరావృతం తగ్గించకండి. ఒకే పనికి ఒకే మోడల్ రెండుసార్లు రెండు రకాలుగా చేస్తుంది. ఒక్కసారి నడిపి తీర్పు చెప్పడం బొమ్మాబొరుసూ వేసినట్టే.

"ఫైలు లేకుండా" అంటే గిట్ చరిత్రలో కూడా లేకుండా చూడండి. ఏజెంట్ గిట్ లాగ్ తిరగేసి తొలగించిన ఫైలును చదివిన సందర్భం వస్తే ఆ ఫలితం పక్కన పెట్టాలి.

రాసుకోవలసినవి. ఒక్కో రన్‌కు:

- దాచిపెట్టిన టెస్టులు (ఏజెంట్‌కు చూపించకుండా మీరు పక్కన ఉంచుకున్నవి) పాస్ అయ్యాయా
- ఏ నియమాలు వర్తించాయి, వాటిలో ఏవి పాటించింది
- ఎన్ని టూల్ కాల్స్, ఎన్ని టోకెన్లు (మోడల్ చదివి, రాసిన పాఠం ముక్కల లెక్క)
- అడగని ఫైళ్లు ఎన్ని మార్చింది
- మీరు మధ్యలో సరిదిద్దవలసి వచ్చిందా

నియమాల తనిఖీకి వీలైనంతవరకు చిన్న స్క్రిప్టులు రాయండి. డిఫ్‌లో జనరేటెడ్ ఫోల్డర్ ఉందా, పాత క్లయింట్ ఇంపోర్ట్ అయిందా అన్నవి గ్రెప్‌తో (ఫైళ్లలో మాటలు వెతికే కమాండ్) తేలిపోతాయి.

చదవడం. ఫైలు చేర్చాక నియమం పాటించిన రన్లు ఐదింటిలో 3 నుంచి 4కు పెరిగితే ఏమీ తేలనట్టే. 1 నుంచి 5కు పెరిగితే ఆ నియమం పనిచేస్తోంది. ఫైలు లేకుండానే ఐదుకు ఐదు వస్తే ఆ వాక్యం అనవసరం, తీసేయొచ్చు. టెస్టుల ఫలితం మారకుండా టోకెన్లు మాత్రం బాగా పెరిగితే ఫైలు ఏజెంట్‌తో పనికిరాని తిరుగుళ్లు తిప్పిస్తోంది. "ముందు డాక్స్ అన్నీ చదువు" లాంటి వాక్యం ఎక్కడో ఉండే ఉంటుంది.

నియమం ఉన్నా పాటించకపోతే కారణాన్ని ఈ వరుసలో వెతకండి:

1. ఆ ఫైలు ఆ సెషన్‌లో లోడ్ కాలేదు.
2. వేరే వాక్యం దాన్ని ఖండిస్తోంది.
3. చుట్టూ ఉన్న కోడ్ అంతా పాత పద్ధతిలో ఉంది.
4. వాక్యం అస్పష్టం.
5. సెషన్ చాలా పొడవైంది, మొదట చదివినదాని పట్టు సడలింది.

మూడోది ఎక్కువమంది ఊహించనిది. పక్క ఫైళ్లు 40 ఒక రకంగా ఉండి, మీ సూచన ఒక్కటి మరోలా చెబితే ఏజెంట్ పక్క ఫైళ్లవైపే మొగ్గే ప్రమాదం ఉంది. వాక్యానికి అరుపులు జోడించినా లాభం లేదు. "ఈ ఫోల్డర్‌లోని ఫైళ్లు చాలావరకు పాత పద్ధతివి, వాటిని నకలు చేయవద్దు. కొత్త పద్ధతికి నమూనా ఫలానా ఫైలు" అని పరిస్థితిని ఒప్పుకుంటూ రాయండి. ఐదోదాన్ని పట్టుకోవడానికి ఒక పనిని పొడవైన సెషన్ చివర ఇచ్చి చూడండి.

ఒక్కో నియమం విలువ తేల్చాలంటే అనుమానమున్న వాక్యం ఒక్కటే తీసేసి, దాన్ని తాకే పనిని మళ్ళీ ఐదుసార్లు నడపండి. ఒకేసారి మూడు వాక్యాలు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

## 6. భద్రత తనిఖీ

- [ ] పాస్‌వర్డ్, యాక్సెస్ టోకెన్, అంతర్గత సర్వర్ చిరునామా ఏదీ లేదు
- [ ] డేటా తుడిచే, ఫోర్స్ పుష్ చేసే, ప్రొడక్షన్‌ను తాకే కమాండ్ నమూనాగా కూడా లేదు
- [ ] బయటి వెబ్ పేజీ చదివి అందులోని సూచనలు పాటించమనే వాక్యం లేదు
- [ ] కంటికి కనబడని అక్షరాలు లేవు

నాలుగోది ఊహాజనితం కాదు. కర్సర్, కోపైలట్ రూల్ ఫైళ్లలో కనబడని యూనికోడ్ అక్షరాలతో హానికర సూచనలు దాచవచ్చని పిల్లర్ సెక్యూరిటీ 2025 మార్చిలో చూపించింది. సున్నా వెడల్పు అక్షరాలు, రాత దిశ మార్చేవి, ట్యాగ్ అక్షరాలు ఉన్నాయేమో స్క్రిప్ట్‌తో వెతకండి. తెలుగులో రాసిన ఫైలైతే ఒక్క మినహాయింపు: "ఫోల్డర్‌లో" లాంటి మాటల్లో పొల్లు తర్వాత వచ్చే జీరో విడ్త్ నాన్ జాయినర్ సహజమే. దాన్ని మాత్రం వదిలి మిగతావి పట్టుకోండి.

ఇంకొకటి. "ప్రొడక్షన్ డేటాబేస్‌ను తాకవద్దు" అని రాయడం రక్షణ కాదు, విన్నపం. ఆ పని జరగకూడదంటే ఏజెంట్‌కు ఆ క్రెడెన్షియల్స్ అందకూడదు.

## 7. తీర్పు ఎలా రాయాలి

నూటికి ఇన్ని మార్కులని ఒకే అంకె ఇవ్వకండి. టెస్ట్ కమాండ్ తప్పున్న ఫైలుకు కూడా మిగతావి బాగుంటే 85 వచ్చేస్తాయి. అది వాడకూడని ఫైలు.

మూడు గడపలు పెట్టండి. ఏ ఒక్కటి దాటకపోయినా ఫైలు వెనక్కి వెళ్తుంది: అనుకున్న ప్రతి టూల్‌లో లోడ్ కావాలి, కమాండ్లన్నీ తాజా క్లోన్‌లో నడవాలి, భద్రత తనిఖీ దాటాలి.

దాటినవాటికి ఈ నాలుగింటిలో 0, 1, 2 ఇవ్వండి: ఉంచదగిన వాక్యాల పాలు, నియమాల స్పష్టత, రివ్యూలో పదేపదే వచ్చిన తప్పులను ఎంతవరకు కవర్ చేసింది, నడిపినప్పుడు వచ్చిన తేడా. చివరిదానికి 0 వస్తే మిగతా మార్కులు ఎన్నున్నా ఫైలు తిరగరాయాలి. ప్రతి అంకె పక్కన రుజువు ఉండాలి: వాక్యం సంఖ్య, లేదా రన్ సంఖ్య.

మోడల్‌నే అడిగి మార్కులు వేయించుకోవచ్చా? మొత్తం తీర్పుకు వద్దు. చక్కని శీర్షికలు, నిండైన వాక్యాలు చూసి మెచ్చుకోవడం దానికి అలవాటు. ఇరుకైన పనులకు మాత్రం బాగా పనికొస్తుంది: ఫైలులోని పాత్‌లన్నీ జాబితా చేయడం, ఒకదానికొకటి విరుద్ధమైన వాక్యాల జంటలు వెతకడం లాంటివి.

## 8. తరచూ కనబడే లోపాలు, సవరణలు

ఆటోమేటిక్‌గా తయారైన ఫైలును అలాగే వదిలేయడం. ఇనిట్ కమాండ్ (సూచనల ఫైలును టూల్‌తోనే రాయించేది) రాసేది కోడ్ చూసి తెలుసుకున్నదే, అంటే వడపోతలో "తీసేయి" గుర్తు పడేదే ఎక్కువ. దాన్ని చిత్తుప్రతిగా తీసుకుని, కమాండ్లు ఉంచి, వర్ణనలు తీసి, రివ్యూ వ్యాఖ్యల నుంచి నియమాలు చేర్చండి.

రీడ్‌మీని నకలు చేయడం. రెండు చోట్ల ఒకే సంగతి ఉంటే ఒకటి పాతబడుతుంది. దారి చూపించి వదిలేయండి.

ప్రతి తప్పుకూ ఒక వాక్యం చేర్చుకుంటూ పోవడం. ఒక్కసారి జరిగిన తప్పు ప్రాంప్ట్‌లో చెబితే సరిపోతుంది. రెండోసారి వస్తే చేర్చండి.

"పూర్తయింది" అంటే ఏమిటో చెప్పకపోవడం. టైప్ చెక్, లింట్, మార్చిన మాడ్యూల్ టెస్టులు, ఈ మూడూ పాస్ అయ్యాకే ముగించాలని కమాండ్లతో సహా రాయండి. ఒక్క వాక్యంతో ఎక్కువ తేడా తెచ్చేది తరచూ ఇదే.

నాలుగు టూల్స్‌కు నాలుగు నకళ్లు. అసలు ఫైలు ఒకటే ఉంచి, మిగతావి దాన్ని చూపించాలి. కుదరకపోతే అవి వేరయ్యాయేమో సీఐలో (కోడ్ మీద తనిఖీలు తనంతట తాను నడిపే వ్యవస్థ) పోల్చే చిన్న తనిఖీ పెట్టండి.

## 9. మళ్ళీ ఎప్పుడు చూడాలి

దశ 3 లోని పాత్‌లు, కమాండ్ల తనిఖీని సీఐలో పెట్టి వారానికోసారి నడపండి. అది మనిషి చేయవలసిన పని కాదు.

మోడల్ లేదా టూల్ పెద్ద వెర్షన్ మారినప్పుడు దశ 5 లోని ఆరు పనులూ మళ్ళీ నడపండి. పాత మోడల్ తడబడిన చోట కొత్తది తడబడకపోవచ్చు, అప్పుడు ఆ వాక్యాలు బరువే. బిల్డ్ వ్యవస్థ, ఫోల్డర్ నిర్మాణం, టెస్ట్ రన్నర్ మారిన పుల్ రిక్వెస్ట్‌లోనే సూచనల ఫైలు కూడా మారాలి. ఆ ఫైలుకు ఒక ఓనర్‌ను కోడ్‌ఓనర్స్‌లో (ఏ ఫైలుకు బాధ్యులెవరో చెప్పే ఫైలు) రాసిపెట్టండి, లేకపోతే ఎవరూ చూడకుండానే మార్పులు మెర్జ్ అయిపోతాయి.